మూడో గడి

పదకొండు దాటి అయిదు నిమిషాలైంది, తెర మీద బొమ్మ ఇంకా సరిగ్గా పడటం లేదు, నన్ను ముందు వరసలో కుడివైపు చివర కూర్చోబెట్టారు, చివరైతే లేచి వెళ్ళడానికి వీలుగా ఉంటుందని పెద్దమేడం అంది, వేదిక మీదికి వెళ్ళడానికో బయటికి వెళ్ళిపోవడానికో చెప్పలేదు. పన్నెండులోగా నేను అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఆ తరువాత ఈ నూట ఇరవై మంది పిల్లలు ఫోన్లు తీసి ‘తోడు’ అనే యాప్‌లో మూడేసి పేర్లు, మూడేసి నంబర్లు నింపుతారు. స్నేహమని, ప్రేమని దగ్గరైనవాడు కొట్టినా, బెదిరించినా, వెంటపడినా ఒక్క మీట నొక్కితే చాలు, నమ్మకస్తులు ముగ్గురికీ మనం ఎక్కడున్నామో దారి పటంతో సహా తెలిసిపోతుంది. ఇదే బడిలో చదువుతూ నిరుడు ఆ మీట నొక్కి చనిపోయిన అమ్మాయికి నేను తల్లిని, ఆ అమ్మాయికి పాఠం చెప్పిన టీచర్ని కూడా, అందుకే నన్ను పిలిచారు, ఒకే మనిషిలో ఇద్దరు వక్తలు దొరికారు. నా చేతిలో ఒక కాగితం ఉంది. మూడుసార్లు తిరగరాశాను. అందులో ప్రతి వాక్యమూ నిజమే. ఒక్క వాక్యం మాత్రం లేదు, ఏడాదిగా ఎక్కడా లేదు, పోలీసులకు ఇచ్చిన కాగితంలో లేదు, కోర్టులో లేదు, మా చెల్లెలి దగ్గర లేదు, ఈ రోజు కూడా అది లేకుండానే చదివేసి కూర్చోవచ్చు, ఎవరూ అడగరు, తల్లిని ఎవరు అడుగుతారు.

తెర మీద అంకెలు వచ్చాయి. యాప్ కంపెనీ కుర్రాడు చేతిలో చిన్న మీట పెట్టుకుని టకటక నొక్కుతూ బొమ్మలు ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు, పిల్లలు అతనికి అప్పుడే రిమోట్ అని పేరు పెట్టేశారు, ఎవరికైనా పేరు పెట్టడానికి వాళ్ళకి పావుగంట చాలు, నాకు ఏం పెట్టారో తెలుసు, నిరుటిదాకా ‘ఖాళీలు’ అనేవారు, ఇప్పుడు నేను వస్తుంటే ఏమీ అనరు, నడవలో పక్కకి తప్పుకుంటారు, శవాన్ని మోసుకెళ్తుంటే తప్పుకున్నట్టు. రిమోట్ నా దగ్గరికి వచ్చి వంగాడు, అత్తరు వాసన, మంచి ఇస్త్రీ. మేడమ్, నాలుగు సెకన్ల స్లైడు ఒకటుంది, మీకు ఇబ్బందైతే తీసేస్తాను. ఉంచండి అన్నాను. నాలుగు సెకన్లు అంటే మా అమ్మాయి మీట నొక్కాక సందేశం మూడు ఫోన్లకీ చేరడానికి పట్టిన కాలం, యాప్ విఫలం కాలేదని చెప్పడానికి వాళ్ళకి అది కావాలి, నిజమే, అది విఫలం కాలేదు, నాలుగు సెకన్లలో మూడు చోట్లకీ చేరింది. ఒక ఫోను స్టాఫ్‌రూమ్ సొరుగులో ఉంది. ఒకటి ఆసుపత్రి లాకర్లో ఉంది. ఒకటి చేతిలో ఉంది.

నేను చరిత్ర చెప్తాను, ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను, పరీక్ష హాల్లో ఇరవై రెండేళ్ళుగా ఒకే మాట చెప్తున్నాను, తెలియకపోతే తెలిసింది రాయండి, ఖాళీ మాత్రం వదలొద్దు, ఖాళీకి సున్నా, రాతకి అర. ఎంతమంది ఆ అర మార్కుతో గట్టెక్కారో, ఇప్పటికీ రోడ్డు మీద కనపడితే చెప్తారు. మా అమ్మాయి నా క్లాసులోనే రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది, హాజరు పట్టీలో పదిహేడు. బడిలో చేర్చిన రోజే చెప్పాను, గేటు లోపల నేను నీకు అమ్మని కాదు. సరే, గేటు బయట నేను మీకు స్టూడెంట్ని కాదు టీచర్, అంది, అప్పుడు దానికి పదకొండేళ్ళు, ఆ మాట అన్నాక గేటు లోపలికి నడిచి వెనక్కి తిరిగి చూడలేదు, చివరిదాకా నియమం తప్పలేదు, చెయ్యి తలుపులో పడి గోరు ఊడిన రోజు కూడా టీచర్ ఒకసారి బయటికి వెళ్ళొచ్చా అనే అడిగింది, నేను సరే అన్నాను, రక్తం చూశాను, పాఠం ఆపలేదు. అందరూ మెచ్చుకున్నారు. ఎంత నిష్పక్షపాతంగా ఉంటుందో చూడండి అని పెద్దమేడం సమావేశంలో చెప్పింది.

నిరుడు ‘తోడు’ వచ్చినప్పుడు ఒక్కో క్లాసుకీ ఒక్కో టీచరు బాధ్యత. నా క్లాసు నేనే. భోజనం గంటకి పది నిమిషాల ముందు పేర్లు నింపించాను. మొదటి గడి తప్పనిసరి, రెండోదీ మూడోదీ కావాలంటే నింపుకోవచ్చు, గడి కిందే చిన్న అక్షరాలతో ‘తరువాత’ అని ఉంది, అది నొక్కితే వదిలేసి ముందుకు పోవచ్చు. నేను ఎవరినీ నొక్కనివ్వలేదు. మూడూ నింపినవాళ్ళే లేస్తారు, ఒక్కరు మిగిలినా ఎవరూ లేవరు అన్నాను, అది నా పద్ధతి, నలభై మందినీ ఒకరికొకరిని కాపలా పెడితే పని తొందరగా అవుతుంది. గంట మోగింది. ముప్ఫై తొమ్మిది మంది నింపేశారు. టీచర్ నాకు ఇద్దరు చాలు, అంది పదిహేడు. అమ్మ, పిన్ని. వాళ్ళ నాన్న దాని ఆరో ఏటే పోయారు, మూడో మనిషి ఎవరుంటారు, ఆ సంగతి ఈ భూమ్మీద నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అందరికీ ముగ్గురు అన్నాను. మూడోవాళ్ళు ఎవరూ లేరు టీచర్. లోకంలో మూడో మనిషి లేనివాళ్ళు ఉండరు, ఆలోచించు. క్లాసంతా నవ్వింది, వెనక బెంచీలోంచి ఎవతో, ఏదో ఒకటి కొట్టి లేవవే తల్లీ, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి, అంది. అది నా వైపు చూసింది. ఒక్క క్షణం టీచర్‌గా కాకుండా చూసిందేమో, ఇప్పుడు అలా అనిపిస్తుంది, ఇప్పుడు ఏదైనా అనిపిస్తుంది. తరువాత తల వంచి నంబరు కొట్టింది. పది అంకెలూ ఎక్కడా వెతుక్కోకుండా కొట్టింది. దీనికి జ్ఞాపకశక్తి బాగుంది అనుకున్నాను. సంతోషించాను కూడా. పట్టీలో పదిహేడు ఎదురుగా టిక్కు పెట్టి, వెళ్ళండి అన్నాను, బెంచీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి.

అది ప్రేమించిన అబ్బాయిది ఆ నంబరు, ఆ సాయంత్రం అతను దాని ఫోను చూస్తాడని దానికి తెలుసు. రోజూ చూసేవాడట, ఫోను చేతికిమ్మని అరచెయ్యి చాపేవాడట, ఇదంతా తరువాత దాని స్నేహితురాలు చెప్పింది, ఏడుస్తూ చెప్పింది, నేను ఆ పిల్లకి రుమాలిచ్చి నోట్సు రాసుకున్నట్టు విన్నాను. ఇద్దరే ఉంటే, అమ్మ, పిన్ని, అంతా ఇంటివాళ్ళే, బయటివాళ్ళు ఎవరూ లేరని చూపించి బయటపడొచ్చు. మూడో గడి నింపాల్సి వస్తే అందులో అతను కాక ఇంకెవరున్నా దానికి జవాబు చెప్పుకోవాలి. నెలల తరబడి ఆలోచిస్తే నాకు ఈ లెక్క తేలింది. అది గంట మోగాక, అందరూ ఆకలితో చూస్తుండగా, అర నిమిషంలో వేసుకుంది. తెలివైన పిల్లే. పద్ధెనిమిది నిండకుండా అంత వేగంగా లెక్క వెయ్యడం ఎక్కడ నేర్చుకుందో నేను అడగలేదు.

అడగడానికి అవకాశం రాలేదని కూడా చెప్పలేను. యాప్‌తో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు, హింసకి దారితీసే పది గుర్తులు, ఒక్కో గుర్తుకీ ఒక్కో ఉదాహరణ. నేను దాన్ని పాఠంలా చెప్పి పరీక్ష పెట్టాను, గుర్తుకి అర, ఉదాహరణకి అర, మొత్తం పది. పదిహేడు ఆ గుర్తులన్నీ వరసగా, పొల్లు పోకుండా రాసింది. నాలుగో గుర్తు, ఎక్కడున్నారో ఎవరితో ఉన్నారో మాటిమాటికీ రుజువు అడగడం. ఉదాహరణకి పుస్తకంలో ఉన్నది రాయకుండా, బస్సు ఎక్కగానే టికెట్టు ఫోటో తీసి పంపమంటాడు, పక్క సీట్లో ఎవరున్నారో అది కూడా కనపడాలంటాడు, అని రాసింది. నేను ఎర్ర కలంతో దాని కింద గీత గీసి, ఉదాహరణ పాఠంలో లేదు, అని రాసి అర మార్కు కోశాను. తొమ్మిదిన్నర. ఆ కాగితం మీద నా సంతకం ఉంది. సొంత కూతురికి అర మార్కు కోసిన టీచరు. అది కాగితం తీసుకుని చూసి, థాంక్యూ టీచర్ అంది. ఇంటికి వెళ్ళాక, గేటు బయట, ఆ మాట ఎత్తనూ లేదు, నేనూ ఎత్తలేదు, బడి గొడవలు ఇంటికి తేకూడదు కదా.

పెద్దమేడం నా మోచెయ్యి మీద చెయ్యి వేసి, బానే ఉన్నావుగా, నీళ్ళు తాగుతావా అంది. బానే ఉన్నాను. నేల తుడిచిన మందు వాసన, పిల్లల చెమట వాసన, పైన పంకా ఒకటి తిరిగినప్పుడల్లా కిర్రుమంటోంది. చివరి వరసలో మా చెల్లెలు కూర్చుంది, డ్యూటీ నుంచి సరాసరి వచ్చినట్టుంది, నర్సు బట్టల మీదే స్వెట్టరు వేసుకుంది. రావద్దన్నాను. వస్తాను, నువ్వు మాట్లాడితే వినాలి అంది. ఏడాదిగా అది ఆపరేషన్ గదిలోకి కూడా ఫోను దాచి తీసుకెళ్తోంది, ఇప్పటికి రెండు మెమోలు ఇచ్చారు, మూడోది వస్తే ఉద్యోగం ఉండదు. ఆ రోజు దాని ఫోను లాకర్లో ఉంది. గంటన్నర ఆపరేషన్, ఎవరిదో పేగు. ఆ ఎవరో బతికారట.

ఆ రోజు గురువారం. చివరి రెండు పీరియడ్లూ సొంతంగా చదువుకోవడానికి వదిలేశారు, అది బడి వెనక వీధిలో జిరాక్స్ షాపుకి వెళ్ళింది. అప్పటికి అతన్ని వదిలేసి రెండు నెలలైంది, అదీ నాకు తెలియదు, పట్టుకున్న సంగతి తెలిస్తేగా వదిలిన సంగతి తెలియడానికి. ఫోన్లో అతని నంబరు రాకుండా కట్టేసింది, అన్ని చోట్లా కట్టేసింది, జాగ్రత్తగల పిల్ల, ఒక్క చోట మరిచిపోయింది, ఎనిమిది నెలల కింద భోజనం గంటప్పుడు నింపి మళ్ళీ ఎన్నడూ తెరవని చోట. అతను వీధి మొగలో బండి మీద ఉన్నాడు. మా అమ్మాయి చూసింది, అతను దీన్ని చూడలేదు. షాపు ఆవిడ దీన్ని లోపల కాగితం కట్టలు పెట్టుకునే గదిలోకి పంపి షట్టర్ సగం దించింది. అతను వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. మూడోసారి మలుపు దాకా వెళ్ళాడు. వెళ్ళిపోయేవాడేనమ్మా, ఫోను చూసుకుని బండి వెనక్కి తిప్పాడు, అని చెప్పింది ఆవిడ, పోలీసులకి చెప్పింది, కోర్టులో చెప్పింది, తరువాత ఒకసారి నాకూ చెప్పింది, నేను అడక్కుండానే, నా చెయ్యి పట్టుకుని, ఆ ఒక్క నిమిషం ఫోను చూసుకోకపోతే అని. కాగితం కట్టల గదిలో మా అమ్మాయి కూర్చుని మీట నొక్కింది, నేర్పిన ప్రకారం. మూడు సెకన్లు అదిమి పట్టమని నేనే నేర్పాను. తరువాతది కోర్టులో చదివారు, నేను ఒకసారి విన్నాను, చాలు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతికి యుద్ధ కారణాలు చెప్తున్నాను. క్లాసులకి ఫోను తీసుకెళ్ళకూడదని నియమం, టీచర్లకి కూడా, ఆ నియమం కోసం సమావేశంలో వాదించినదాన్ని నేనే. నాలుగూ ఇరవైకి సొరుగు తీశాను. ‘తోడు: మీవారు ఆపదలో ఉన్నారు’ అని ఉంది. ఎవరో సరదాకి నొక్కి ఉంటారు, పరీక్షించి చూడమని నేనే కదా చెప్పాను అనుకున్నాను. దిద్దాల్సిన పుస్తకాలు సంచిలో సర్దుకున్నాను, ఇరవై నాలుగు, లెక్కపెట్టుకున్నాను. జిప్పు పట్టేసింది, లాగి సరిచేశాను. ఆ తరువాత సందేశం తెరిచాను.

ఆ తరువాత పోలీసామె వచ్చి మా ముందు గదిలో కూర్చుని, మంచి మనిషి, చెప్పులు కూడా బయటే విప్పింది, మూడో నంబరు అతనిదేనమ్మా, మీ అమ్మాయే పెట్టుకుంది అంది. నేను తల ఊపాను. అంతే. ఎవరినీ నమ్మించడానికి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, తల ఊపాను, తల ఊపడం ఎంత తేలికో పాఠం అర్థమైందా అని అడిగినప్పుడు నలభై తలలు ఊగడం చూస్తే తెలుస్తుంది. ఆ ఒక్క మాట ఊరంతా తిరిగింది. మా ఆడపడుచు పరామర్శకి వచ్చి, పోయినదాన్ని అనకూడదు గానీ వదినా, కొరివితో తల గోక్కుంది, అంది. నేను లేచి ఆవిడకి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. అతని వకీలు కోర్టులో, నమ్మకస్తుల జాబితాలో మా అబ్బాయి పేరు ఆ అమ్మాయి స్వయంగా చేర్చుకుంది, ఆ రోజు కబురూ ఆ అమ్మాయే పంపింది, పిలిస్తే వచ్చాడు, అన్నాడు, ఎంత శుభ్రమైన వాక్యం, ఒక్క మాట ఎక్కువ లేదు. అతను, ఆ అబ్బాయి, బోనులో చేతులు కట్టుకుని మంచి విద్యార్థిలా నిలబడ్డాడు, నేను లోపలికి వచ్చినప్పుడు నమస్కారం పెట్టాడు, అలవాటు కొద్దీ నా చెయ్యి లేవబోయింది. మీ అమ్మాయి అతని నంబరు ఎందుకు చేర్చిందో మీకు తెలుసా అని మా వైపు వకీలే అడిగాడు. నిజమే చెప్తానని అంతకు ముందే ప్రమాణం చేశాను. తెలియదండి అన్నాను.

మా చెల్లెలు ఆ రాత్రి భోజనం దగ్గర కంచం ముందు పెట్టుకుని, అక్కా, నువ్వున్నావు, నేనున్నాను, మళ్ళీ వాడెందుకు, అంది. ఏమో అన్నాను. మనకంటే వాడినే నమ్ముకుంది, అంది. నేను పెరుగు వడ్డించాను. మా అమ్మాయి పుట్టినప్పుడు మొదట చేతుల్లోకి తీసుకున్నది మా చెల్లెలే, నాకంటే ముందు. మర్నాడు చెల్లెలి ఫోను మీద బొమ్మ మారిపోయింది, ఎప్పుడూ మా అమ్మాయి పళ్ళన్నీ కనపడేలా నవ్వే ఫోటో ఉండేది, ఇప్పుడు ఏదో సముద్రం. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. అలా నా కూతుర్ని రెండోసారి, కొంచెం కొంచెంగా, ఇంట్లో వాళ్ళ చేత చంపించాను, నా చేతికి ఏమీ అంటలేదు. ఉద్యోగం ఉంది, పేరు ఉంది, కష్టంలో కూడా ఎంత నిబ్బరంగా ఉందో అంటారు. స్టాఫ్‌రూమ్ బీరువాలో ఆటల కప్పుల పక్కన ఒక చెక్క బిళ్ళ కూడా ఉంది, నూటికి నూరు శాతం వివరాలు నింపిన తరగతికి, అని. దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు.

రిమోట్ మొదలుపెట్టాడు. గొంతు బాగుంది. కొత్త యాప్‌లో ఏమేం మారాయో చెప్తున్నాడు, రంగు మారింది, శబ్దం మారింది. ముఖ్యమైన మార్పు ఒకటుంది, ఇక నుంచి మూడు గడులూ తప్పనిసరి, మూడూ నింపకపోతే ముందుకి వెళ్ళదు, ‘తరువాత’ తీసేశాం. నా వైపు తిరిగి, ఇది మేడమ్ గారి క్లాసు చూసే చేశాం, మిగతా అన్ని బళ్ళలో సగం మంది రెండో గడి దగ్గరే ఆగిపోయారు, మేడమ్ క్లాసులో ఒక్కరూ ఆగలేదు, అన్నాడు. చప్పట్లు కొట్టారు. పెద్దమేడం కూడా కొట్టింది. నేను కాగితం మడిచాను, మళ్ళీ విప్పాను. నా క్లాసు. అంటే ఇది ఎన్ని బళ్ళకి వెళ్తుంది, ఎన్ని వేల మంది పిల్లలు గంట మోగాక తల వంచుకుని మూడో గడి చూస్తూ కూర్చుంటారు, నేను అక్కడ లేకపోయినా ఉంటాను, ప్రతి ఫోన్లోనూ ఉంటాను.

ఎడమవైపు మూడో వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. దాన్ని అందరూ వాగుడుకాయ అంటారు, నాకు మొన్న జూన్ నుంచి పాఠాల్లో తెలుసు, ఏ రాజు ఎందుకు చచ్చాడో చెప్తుంటే మధ్యలో ఆ రాజుగారి వంటవాడికి జీతం ఎవరిచ్చారని అడుగుతుంది. సార్, మూడో పేరు మా కుక్కది పెట్టొచ్చా, మిగతా ఇద్దరికంటే అదే ముందొస్తుంది, అంది. ఫోను లేదుగా దానికి, అన్నాడు రిమోట్. కొనిపెడతాం సార్, మీ కంపెనీ ఇస్తే. హాలంతా నవ్వింది, రిమోట్ కూడా నవ్వాడు, పెద్దమేడం వేలు చూపించింది. నా పేరు పిలిచారు.

మైకు నా చేతికిచ్చారు, తీగ లేనిది, బరువుగా ఉంది. కాగితం చదవడం మొదలుపెట్టాను. నా కూతురు చదువులో చురుకైనది, నిజం. అందరితో కలుపుగోలుగా ఉండేది, నిజం. రెండు వాక్యాలయ్యాక నా గొంతు నాకు వినపడింది, హాజరు పిలుస్తున్నట్టు ఉంది. కాగితం కింద పెట్టాను. ఆ మూడో నంబరు అది పెట్టలేదు, నేను పెట్టించాను, అన్నాను. ఇద్దరు చాలంది, వినలేదు. అందరి భోజనం ఆపాను. పది అంకెలు కొట్టేదాకా లేవనివ్వలేదు. అతను రోజూ దాని ఫోను చూస్తాడని నాకు తెలియదు, తెలుసుకోవచ్చు, అది పరీక్షలో రాసింది, మార్కు కోశాను. కోర్టులో నన్ను అడిగారు, తెలియదన్నాను, అబద్ధం. మీరు ఈ రోజు మూడో గడి నింపకండి. చివరి వరసలో మా చెల్లెలు కింద పెట్టిన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, రెండు చేతులతో పట్టుకుంది. లేవలేదు. నా వైపు చూడనూ లేదు. పెద్దమేడం ముఖం సున్నం కొట్టినట్టుంది. రిమోట్ మీట నొక్కాడు, తెర మీద ఏదో బొమ్మ వచ్చి పోయింది.

వాగుడుకాయ మళ్ళీ చెయ్యెత్తింది. సార్, పాత యాప్‌లో ఆల్రెడీ పెట్టేసినవాళ్ళు, ఒకరిని తీసెయ్యాలంటే ఎలా. రిమోట్‌కి ప్రాణం లేచి వచ్చింది, జవాబు తెలిసిన ప్రశ్న. చాలా తేలిక, పేరు మీద వేలు పెట్టి తీసెయ్యడమే, వాళ్ళకి మర్యాదగా ఒక మెసేజ్ కూడా వెళ్తుంది, ఇక మీరు ఫలానావారి జాబితాలో లేరని. అంటే వాళ్ళకి తెలిసిపోతుందా. తెలియాలి కదమ్మా, లేకపోతే ఇంకా ఉన్నామనుకుంటారు. ఆ పిల్ల ఓహో అంది. ఊరికే అడిగాను సార్, మా కుక్క బాధపడుతుందని. మళ్ళీ నవ్వారు, ఈసారి గట్టిగా, నా మాటల కింద నలిగిపోయిన ఊపిరంతా ఒక్కసారి వదిలారు. అందరూ నవ్వుతుంటే అది కూర్చుంది, కూర్చుని ఫోను ఒళ్ళో బోర్లా పెట్టి దాని మీద అరచెయ్యి మూసింది. నవ్వించినవాళ్ళు ఎవరు నవ్వారో తలెత్తి చూసుకుంటారు, అది చూసుకోలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక పిల్లని పాఠం మధ్యలో చూశాను. వేదిక దిగాను. మెట్లు మూడు. వరసలోకి నడిచాను, మోకాళ్ళు పక్కకి జరుపుకుని పిల్లలు దారిచ్చారు, దాని బల్ల దగ్గర ఆగి రెండు చేతులూ బల్ల మీద ఆనించి వంగాను, ఏం అడగాలో తెలియదు, ఏమీ అడగకుండా ఉండాలనీ ఉంది, నేనున్నాను అని ముఖంతోనే చెప్పాలని చూశాను. అది తలెత్తలేదు. బల్లకేసి చూస్తూ, పెదాలు కూడా సరిగ్గా కదపకుండా, గబగబా చెప్పింది. ఏం అడగొద్దు టీచర్, వాడు మీ వెనక వరసలోనే ఉన్నాడు, ఏం లేనట్టు వెళ్ళిపోండి. మొదటి మాట దగ్గరే ఆ గొంతు నాలుగు గోడల మీది స్పీకరు పెట్టెల్లోంచి, అర క్షణం ఆలస్యంగా, దానికంటే పెద్దగా, తిరిగి రావడం మొదలైంది, మైకు నా కుడి చేతిలోనే ఉంది, దాని గడ్డం దగ్గర, పచ్చ దీపం వెలుగుతూ, బొటనవేలితో మీట కోసం తడిమాను, ఎటు నొక్కాలో తెలియలేదు, దొరికేసరికి వాక్యం పూర్తయింది, మొత్తం హాలు విన్నది. నా వెనక ఒక కుర్చీ జరిగింది.